లాంథనం పిచికారీతో దిగుబడి పెరుగుతుందా? అపోహలు – వాస్తవాలు

చైనా ఉత్తర భాగంలో, ఇన్నర్ మంగోలియాలో బయాన్ ఓబో అనే గని ఉంది. మొదట ఇనుము కోసం తవ్విన ఆ గని ఇవాళ రేర్ ఎర్త్ లోహాలకు ప్రపంచంలోనే పెద్ద ఆధారం. అక్కడ దొరికే రేర్ ఎర్త్ లోహాల్లో దాదాపు సగం సీరియం, పావు వంతు లాంథనం. విద్యుత్ వాహనాల మోటార్లకు, గాలిమరలకు ఇప్పుడు అందరూ కోరుకునేది నియోడిమియం. దాని కోసం ఎంత తవ్వితే అంతకంటే ఎక్కువగా ఈ రెండూ వచ్చిపడతాయి. వాటికి అంత గిరాకీ ఉండదు.

నియోడిమియం అయస్కాంతాలు రాకముందే, 1972లో, చైనా శాస్త్రవేత్తలు ఈ లోహాల లవణాలను పైర్ల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. 1980లలో లాంథనం, సీరియం ప్రధానంగా ఉన్న నైట్రేట్ల మిశ్రమం ‘చాంగ్లె’ పేరుతో రైతులకు చేరింది. విత్తనాలు నానబెట్టడానికీ, ఆకుల మీద పిచికారీకీ దాన్ని లక్షల హెక్టార్లలో వాడారు. ఇప్పుడు ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ కబురు మన రైతుల ఫోన్లలోకీ వస్తోంది. కబురుతో పాటు అపోహలూ వస్తున్నాయి.

అపోహ: జింకు, బోరాన్ లాగే ఇవీ సూక్ష్మపోషకాలు

కావు. ఒక మూలకాన్ని మొక్కకు పోషకం అనడానికి 1939లో ఆర్నన్, స్టౌట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పరీక్ష ఇప్పటికీ చెల్లుతుంది. అది లేకపోతే మొక్క తన జీవితచక్రాన్ని పూర్తి చేసుకోలేకపోవాలి. దాని లోటును మరో మూలకం తీర్చలేకపోవాలి. మొక్క లోపలి పనిలో దానికి నేరుగా పాత్ర ఉండాలి. ఈ మూడు షరతులకూ నిలిచినవి 17 మూలకాలు. గాలి, నీటి నుంచి వచ్చే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌తో మొదలై, 1987లో రుజువైన నికెల్ దాకా ఆ జాబితా నడుస్తుంది. రేర్ ఎర్త్ లోహాల సంఖ్య కూడా 17 కావడం కాకతాళీయం. ఈ రెండు జాబితాల్లో ఒక్క పేరూ కలవదు. లాంథనం అందక చచ్చిపోయిన వరి మొక్కను, సీరియం లోపంతో ఆకులు పసుపెక్కిన వేరుశనగను ఎవరూ చూపించలేదు.

ఇక్కడ జింకు కథతో పోల్చి చూడాలి. 1960లలో ఉత్తరాది తెరాయి ప్రాంతంలో వరి ఆకులు తుప్పు రంగుకు తిరిగి, పైరు గిడసబారిపోయేది. అది తెగులని అందరూ అనుకున్నారు. పంత్‌నగర్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డాక్టర్ వై.ఎల్. నెనె అది జింకు లోపమని 1966లో తేల్చారు. ఆయనే తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు. అక్కడ జబ్బు ముందు కనబడింది, కారణం తర్వాత దొరికింది, ఆ వెనక జింక్ సల్ఫేట్ చేలోకి వచ్చింది. రేర్ ఎర్త్ మిశ్రమాల దారి దీనికి పూర్తిగా ఎదురు. పొలంలో ఏ లోపమూ కనబడకుండానే గని పక్కన సరుకు సిద్ధంగా ఉంది. అంతమాత్రాన ఆ సరుకు పనికిరాదని కాదు. ఎవరి అవసరంతో అది పొలం దాకా వచ్చిందో మాత్రం గుర్తుంచుకోవాలి.

అపోహ: మన నేలల్లో ఇవి లేవు, బయటి నుంచి వేయాల్సిందే

భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి అంత ఉంటుంది, లాంథనం సీసం కంటే ఎక్కువే. కిలో మట్టిలో 50 మిల్లీగ్రాముల సీరియం ఉందనుకుందాం. అది సాధారణ స్థాయే. ఎకరం చేలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. అంటే ఆ ఎకరంలో సుమారు 45 కిలోల సీరియం ముందే ఉన్నట్టు. పిచికారీలో వేసేది దానిముందు ఏ మూలకు?

అయితే అందులో ఎక్కువ భాగం కరగదు. ఫాస్ఫేట్ ఖనిజాల్లోనో, బంకమట్టి రేణువుల మీదో, ఇనుప ఆక్సైడ్లలోనో, సేంద్రియ పదార్థంలోనో చిక్కుకుని ఉంటుంది. నేల ఆమ్లంగా మారేకొద్దీ కొంత కరిగి వేరుకు అందుతుంది. సున్నం శాతం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో వేరుకు అందేది బాగా తక్కువ.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. రాక్ ఫాస్ఫేట్‌లో ఈ లోహాలు సహజంగానే ఉంటాయి. కాబట్టి సూపర్ ఫాస్ఫేట్ వేసిన ప్రతిసారీ కాస్తంత లాంథనం, సీరియం చేలో పడుతూనే ఉన్నాయి. ఫాస్ఫారిక్ యాసిడ్ తయారీలో మిగిలే ఫాస్ఫోజిప్సంలోకైతే రాతిలోని రేర్ ఎర్త్ లోహాల్లో ఎక్కువ భాగం చేరుతుంది. వేరుశనగ పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసే రైతు వాడిన సరుకు ఫాస్ఫోజిప్సమే అయితే, పేరు తెలియకుండానే ఈ లోహాలను వేస్తున్నట్టే. ఆ జిప్సం వల్ల కాయ నిండటానికి కారణం మాత్రం అందులోని కాల్షియం, గంధకం.

అపోహ: చైనాలో 15 శాతం పెరిగింది కాబట్టి ఇక్కడా పెరుగుతుంది

ఎక్కువ ఆశ పెట్టేదీ, ఎక్కువ డబ్బు ఖర్చు చేయించేదీ ఈ మాటే. అందుకని దీని దగ్గర కాస్త నిలవాలి.

చైనా నివేదికల్లో వరి, గోధుమ, కూరగాయలు, చెరకు వంటి పంటల్లో 5 నుంచి 15 శాతం దాకా పెరుగుదల కనబడుతుంది. వాటిని అబద్ధాలని కొట్టిపారేయడం న్యాయం కాదు. తక్కువ మోతాదులో మొలక శాతం, వేరు పెరుగుదల, ఆకుల్లో పచ్చదనం పెరిగినట్టు ఎన్నో ప్రయోగాల్లో తేలింది. కానీ ఆ పరీక్షల్లో చాలావాటికి సరైన పోలిక మడి లేదని తర్వాతి సమీక్షకులు ఎత్తిచూపారు. మందు నైట్రేట్ రూపంలో ఉన్నప్పుడు, పోలిక మడికి అంతే నైట్రేట్ ఇచ్చారా? కనీసం మంచినీళ్లయినా పిచికారీ చేశారా? లేక ఏమీ చేయకుండా వదిలేశారా? ఒకే చేలో రెండు మళ్ల మధ్య ఏ మందూ లేకుండానే పది శాతం తేడా రావడం రైతుకు కొత్త కాదు. ఆ తేడాను మించి నిలబడ్డ పెరుగుదలనే మందు ఖాతాలో వేయాలి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1990లలో డయాట్లాఫ్, ఆషర్, స్మిత్ ఈ ప్రశ్నను పట్టుకున్నారు. వారు ఎంచుకున్న పంటలు మనకు బాగా తెలిసినవే, మొక్కజొన్న, పెసర. పోషక ద్రావణంలో పెంచిన ఆ మొక్కలకు లాంథనం, సీరియం ఇచ్చి వేరు పొడవు కొలిచారు. లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల స్థాయిలోనే వేర్లు కురచబడ్డాయి. పెసర ఇంకా సున్నితంగా తేలింది, అంతకంటే తక్కువకే దెబ్బతిన్నది. నేలలో మట్టి చాలా భాగాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి పొలంలో ఇంత తీవ్రత ఉండదు. కానీ మేలుకూ కీడుకూ మధ్య దూరం ఎంత తక్కువో ఆ ప్రయోగాలు చూపాయి.

ఎందుకిలా? లాంథనం అయాన్ పరిమాణంలో కాల్షియం అయాన్‌కు చాలా దగ్గర. విద్యుదావేశం మాత్రం ఎక్కువ, కాల్షియానికి రెండైతే దీనికి మూడు. అందుకే కణపొరలో కాల్షియం వెళ్లే దారుల దగ్గరికి వచ్చి, లోపలికి పోకుండా, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ మనిషిలా దారి మూసేస్తుంది. ప్రయోగశాలల్లో కాల్షియం ప్రవాహాన్ని ఆపాలంటే లాంథనం క్లోరైడ్‌ను వాడటం పాత అలవాటే. కరువు, వేడి, తెగులు వంటి కబుర్లను మొక్కలో మోసేవాటిలో కాల్షియం ముఖ్యమైనది. ఆ వ్యవస్థను కొద్దిగా కదిపితే మొక్క రక్షణ ఎంజైములను పెంచుకుని, ఎద్దడిని కాస్త మెరుగ్గా తట్టుకోవచ్చు. ఎక్కువగా కదిపితే వేరుకొన దగ్గరే పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి ఈ లోహాల పని పైరుకు తిండి పెట్టడం కాదు, పైరును తట్టి లేపడం. తిండి చాలక నీరసించిన పైరును ఎంత తట్టినా ఏం లాభం? జింకు, బోరాన్, గంధకం లోపాలు భూసార పరీక్షలో బయటపడ్డ చేలో ముందు పెట్టాల్సిన ఖర్చు వాటి మీదే అని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా పరీక్షించి చూడాలనుకునే వారు ఒకే చేలో కొన్ని సాళ్లకు మందు, పక్క సాళ్లకు అంతే పరిమాణంలో ఉత్త నీరు పిచికారీ చేయాలి. మళ్లీ కొన్నిటికి మందు, కొన్నిటికి నీరు. ఇలా నాలుగైదు చోట్ల మార్చి వేసి, కోతప్పుడు దేనికది విడిగా తూకం వేయాలి. పచ్చదనాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

అపోహ: లోహమైనా నేలకు హాని లేదు, భాస్వరంతో కలిపి కొట్టొచ్చు

ఈ లోహాలు ఫాస్ఫేట్‌ను చూస్తే వదలవు. కలిసిన మరుక్షణం కరగని మడ్డిగా మారతాయి. కిడ్నీ జబ్బు ముదిరిన వారికి రక్తంలో ఫాస్ఫేట్ పెరగకుండా లాంథనం కార్బొనేట్ మాత్రలు ఇచ్చేది ఈ గుణం వల్లనే. చెరువుల్లో నాచు పెరగకుండా నీటిలోని భాస్వరాన్ని బంధించడానికి లాంథనం కలిపిన బంకమట్టిని ఆస్ట్రేలియాలో తయారుచేసింది కూడా ఇందుకే. అలాంటి దాన్ని 19-19-19తోనో, మోనో పొటాషియం ఫాస్ఫేట్‌తోనో ఒకే ట్యాంకులో కలిపితే అడుగున తెల్లటి మడ్డి, మూసుకుపోయిన నాజిల్ మిగులుతాయి. వేరు దగ్గర కూడా మోతాదు మించితే మొక్కకు అందాల్సిన భాస్వరానికే ఎసరు.

వేసినదంతా నేలలోనే ఉండిపోతుంది, ఆవిరై పోయేది కాదు, కుళ్లి పోయేదీ కాదు. ఆమ్ల నేలల్లో ఏళ్ల తరబడి వాడకం మీద జాగ్రత్త ఎక్కువ కావాలి.

అపోహ: ఇవన్నీ రేడియోధార్మిక లోహాలు

పదిహేడింటిలో స్థిరమైన రూపమే లేనిది ప్రొమీథియం ఒక్కటే. అది నేలలో దాదాపు కనబడదు. భయం మోనజైట్ ఇసుక వల్ల పుట్టింది. మన దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల బీచ్ ఇసుకలో అది ఉంది. మోనజైట్ అంటే రేర్ ఎర్త్ లోహాల ఫాస్ఫేట్. అందులో మన దగ్గర 8 నుంచి 10 శాతం దాకా థోరియం ఆక్సైడ్ కూడా ఉంటుంది. రేడియోధార్మికత ప్రధానంగా ఆ థోరియానిది. శుద్ధి చేసిన లాంథనం లవణానికి ఆ చిక్కు లేదు. తీరంలోని నల్ల ఇసుక తెచ్చి చేలో చల్లితే మేలనే మాట మాత్రం పచ్చి అబద్ధం. మోనజైట్ నీళ్లలో కరగదు కాబట్టి పైరుకు అందేదేమీ ఉండదు, థోరియం మాత్రం చేలో మిగులుతుంది. పైగా మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం.

అపోహ: చేలో వేసిన లోహమంతా గింజలోకి వస్తుంది

వేరు పీల్చినదాంట్లో ఎక్కువ భాగం వేరులోనే ఆగిపోతుంది. తర్వాత ఆకు, ఆ తర్వాత కాండం, అన్నిటికంటే తక్కువ గింజ. కాబట్టి అన్నం కంటే ఆకుకూర, టీ ఆకు విషయంలో ఆలోచించాలి. చైనా 2005 ఆహార ప్రమాణాల్లో ధాన్యం, కూరగాయలు, టీలకు రేర్ ఎర్త్ పరిమితులు పెట్టింది. 2017లో సవరించినప్పుడు వాటిని తొలగించింది. అయినా ఆకుకూరలు, కొత్తిమీర, మునగ మీద, కోత దగ్గరపడ్డప్పుడు, ఈ మందులు కొట్టమని చెప్పేవారి మాట వినక్కర్లేదు.

మొక్కల్లో తేడాలూ విచిత్రమే. అమెరికాలో హికరీ చెట్టు ఆకులు, చైనా కొండల్లో పెరిగే డైక్రానోప్టెరిస్ అనే ఫెర్న్ ఆకులు ఈ లోహాలను విపరీతంగా పోగుచేసుకుంటాయి. ఆ ఫెర్న్‌ను గనులు తవ్విన నేలల శుద్ధికి వాడే ఆలోచనలు నడుస్తున్నాయి.

అపోహ: నానో రూపమైతే ఇక తిరుగులేదు

నానో సీరియం ఆక్సైడ్ మీద రెండు రకాల ఫలితాలున్నాయి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో నీటి ఎద్దడిలో పెంచిన జొన్న ఆకుల మీద దాన్ని కొడితే ఆక్సీకరణ నష్టం తగ్గి గింజ దిగుబడి పెరిగింది. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు సోయాచిక్కుడు పెరిగే మట్టిలో దాన్ని కలిపారు. మోతాదు ఎక్కువైన చోట వేరుబుడిపెల్లో నత్రజని స్థిరీకరణ దాదాపు ఆగిపోయింది. కంది, మినుము, వేరుశనగ మీద ఆధారపడ్డ మెట్ట రైతుకు ఆ బుడిపెలే ఉచిత యూరియా.

అపోహ: ప్రాణులకు ఈ లోహాలతో పనే లేదు

ఇది పై అపోహలకు వ్యతిరేక దిక్కున ఉన్నది. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా దీన్ని నమ్మారు. ఇటలీలోని సోల్ఫటారా అగ్నిపర్వత బురదలో దొరికిన ఒక బాక్టీరియా 2014లో ఆ నమ్మకాన్ని పడగొట్టింది. మీథేన్ తిని బతికే ఆ సూక్ష్మజీవి లాంథనైడ్లు లేకపోతే పెరగదు. మెథనాల్‌ను విడగొట్టే దాని ఎంజైములో కాల్షియం ఉండాల్సిన చోట లాంథనైడ్ ఉంది.

మొక్కలకు దీనితో సంబంధం ఉంది. ఎదిగే ఆకులు మెథనాల్ వదులుతాయి. దాన్ని తింటూ ఆకు మీదనే కాపురం ఉండే గులాబీ రంగు మిథైలోబాక్టీరియాల్లో చాలావాటికి అదే తరహా ఎంజైము ఉంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పీపీఎఫ్ఎం పేరుతో వర్షాభావంలో పిచికారీకి ఇస్తున్నది ఈ బాక్టీరియా జాతినే. అవి మొక్క పెరుగుదలకు సాయపడే సైటోకైనిన్ వంటి హార్మోన్లు తయారుచేస్తాయి. మొక్కకు అవసరం లేని లాంథనం, మొక్క ఆకు మీద బతికే జీవికి పనికొస్తోంది. పిచికారీ చేసినప్పుడు కనబడే మేలులో ఎంత భాగం మొక్కది, ఎంత భాగం ఈ అద్దెదారులది అన్నది ఇకపై పోలిక మళ్లు పెట్టే ప్రతి ప్రయోగమూ కొలవాల్సిన సంగతి.