బడ్జెట్‌లో ఉంది.. ఖాతాలోకి రాలేదు!

బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. కాలేజీ ఆఫీసుకెళ్తే క్లర్కు కంప్యూటర్లో చూసి, ‘‘నీది రెండేళ్ల ఫీజు ఇంకా రాలేదమ్మా. కట్టేసి తీసుకెళ్లు, గవర్నమెంటు ఇచ్చాక తిరిగిచ్చేస్తాం’’ అంటాడు. అదేంటి? ఏటా దరఖాస్తు చేశారు, ఆదాయ ధ్రువపత్రం పెట్టారు, వేలిముద్ర కూడా వేశారు. బడ్జెట్‌లో ఫీజులకు ఇన్ని వందల కోట్లు అని టీవీలో కూడా చూశారు. మరి ఆ డబ్బు ఏమైంది?

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ అనుభవం ఎదురైనవాళ్లు మీ క్లాసులోనే ఉండి ఉంటారు. చాలామంది దీన్ని కాలేజీతో గొడవగా చూస్తారు. నిజానికి ఈ గొడవ మొదలయ్యేది అసెంబ్లీలో. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సంక్షేమ పద్దులపై జరిగే చర్చను ఒకసారి ఈ కోణంలో చూడండి. మీ సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఎందుకు ఉండిపోయిందో అర్థమవుతుంది.

ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. బడ్జెట్‌లో డబ్బు ‘పెట్టారు’ అంటే ఎక్కడో తీసి పక్కన ఉంచారని కాదు. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం ప్రభుత్వం ఆ ఏడాది రాబడి, ఖర్చుల అంచనాలను సభ ముందు ఉంచుతుంది. 203 ప్రకారం శాఖలవారీ పద్దులపై సభ ఓటు వేస్తుంది. 204 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు పాసవుతుంది. ఇదంతా అయ్యాక ప్రభుత్వానికి దక్కేది ‘ఇంతవరకు ఖర్చు చేసుకోవచ్చు’ అన్న అనుమతి. అంతే. ఖర్చు చేసి తీరాలన్న నిబంధన ఏదీ అందులో లేదు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ అధికరణల నంబర్లు బట్టీపడతారు కానీ, ఈ చిన్న తేడాను పట్టించుకోరు.

అనుమతి వచ్చాక అసలు ప్రయాణం మొదలవుతుంది. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. దాన్నిబట్టి సంక్షేమ శాఖ ప్రొసీడింగ్స్ తయారుచేసి, ట్రెజరీకి బిల్లు పంపాలి. అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. ఆ తర్వాత రాష్ట్ర ఖాతాలో నగదు ఉంటే డబ్బు కదులుతుంది. లేకపోతే టోకెన్ అలాగే ఉంటుంది. ‘టోకెన్లు వచ్చాయి, పైసలు రాలేదు’ అని తెలంగాణ కాలేజీల యాజమాన్యాలు ఏళ్లుగా చెబుతున్నది ఇదే. మీ స్టేటస్‌లో ‘మంజూరు’ అని కనిపించి కూడా కాలేజీ ‘రాలేదు’ అనడానికి కారణమూ ఇదే. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. రెండూ వేర్వేరు దశలు.

వరుసలో చివర ఎవరు?

నగదు తక్కువైనప్పుడు ఏ బిల్లు ముందు, ఏది వెనక అన్నది ఆర్థిక శాఖ నిర్ణయం. అప్పులపై వడ్డీ ఆపడానికి వీల్లేదు. జీతాలు, ఉద్యోగుల పింఛన్లు నెల మొదట్లో ఆగితే గొడవే. సామాజిక పింఛను సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, ఒకటో తేదీనే ఇంటికి తెచ్చి ఇస్తారు. 2025-26 బడ్జెట్‌లో ఎన్టీఆర్ భరోసాకు 27,518 కోట్లు చూపించారు. ఒక్క నెల ఆగినా ఆ సాయంత్రానికే ప్రతి ఊళ్లో తెలిసిపోతుంది. అందుకే అది ఆగదు, ఆగకూడదు కూడా.

ఫీజు విషయం అలా కాదు. ఈ ఏడాది బిల్లు ఆగితే మీకు ఈ ఏడాది తెలియదు. క్లాసులు జరుగుతూనే ఉంటాయి, పరీక్షలు రాస్తూనే ఉంటారు. కాలేజీ అప్పు తెచ్చో, లెక్చరర్ల జీతాలు ఆపో నెట్టుకొస్తుంది. మూడు నాలుగేళ్ల తర్వాత మీరు సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు ఆ బకాయి మీ ముందుకొస్తుంది. ప్రభుత్వం కాలేజీకి బాకీ, కాలేజీ ఆ బాకీకి హామీగా మీ సర్టిఫికెట్‌ను దగ్గర పెట్టుకుంటుంది. సూటిగా చెప్పాలంటే తాకట్టు. ఆలస్యం చేసినా వెంటనే ఎవరూ అరవరు కాబట్టి, చేతిలో నగదు తగ్గిన ప్రతిసారీ వాయిదా వేయడానికి ఇది సులువైన పద్దు అయిపోయింది.

అరిచింది చివరికి కాలేజీలే. 2025 నవంబరు మొదట్లో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం కొన్ని రోజులు మూతపడ్డాయి. ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్కతో చర్చలు జరిగి కొంత సొమ్ము విడుదలకు హామీ వచ్చాకే తెరుచుకున్నాయి. ఆ ఏడాది మార్చి 19న ఇదే మంత్రి సభలో పెట్టిన బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అంత పెద్ద బడ్జెట్‌కు సభ అనుమతి ఇచ్చి ఎనిమిది నెలలు తిరక్కముందే ఫీజు బాకీల కోసం కాలేజీలు తాళాలు వేసుకున్నాయంటే, గొడవ కేటాయింపు దగ్గర కాదు, విడుదల దగ్గర ఉందన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో చర్చ ఇంకో దారి పట్టింది. డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి అన్నది అక్కడ పెద్ద వాదన. విద్యాదీవెన పేరుతో గత ప్రభుత్వం మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేసేది, వాళ్లు కాలేజీకి కట్టాలి. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం మళ్లీ కాలేజీలకే నేరుగా చెల్లించే పద్ధతికి మారింది. పాత బకాయిలు మీవే అని వీళ్లు, కొత్తవి మీవే అని వాళ్లు. 2025 మార్చిలో వైఎస్సార్‌సీపీ ‘యువత పోరు’ పేరుతో ఫీజు బకాయిలపై కలెక్టరేట్ల దగ్గర నిరసనలు చేసింది. తెలంగాణలోనూ ఇదే వరస: అధికారంలో ఉన్నవాళ్లు పాత ప్రభుత్వాన్ని, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఇప్పటి ప్రభుత్వాన్ని అంటారు. ఎవరి ఖాతాలో వేసినా, ట్రెజరీ దాటి రాకపోతే ఖాతా పేరుతో పనేముంది!

ఎస్సీ విద్యార్థులకైతే ఇందులో కేంద్రం వాటా కూడా ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. కేంద్రం తన వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది, అదీ రాష్ట్రం తన వాటా విడుదల చేశాక. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే దాంతోపాటు కేంద్రం వాటా కూడా ఆగుతుంది. మీ ఖాతా ఆధార్‌తో లింక్ కాకపోయినా ఆగుతుంది. ఇది మాత్రం మీ చేతిలో ఉన్న పని, రేపే బ్యాంకుకెళ్లి చూసుకోండి.

పుస్తకం మీరే తెరవండి

బడ్జెట్ ప్రసంగం వింటే సరిపోదు. అది ఎక్కువగా పథకాల పేర్లు, పెద్ద అంకెలు. అసలు సంగతి శాఖలవారీ పద్దుల పుస్తకాల్లో ఉంటుంది. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫీజు డబ్బు ఒక్క చోట కనిపించదు. ఎస్సీ, గిరిజన, బీసీ, మైనారిటీ శాఖల కింద విడివిడిగా ఉంటుంది. 2225 అనే పెద్ద పద్దు నంబరు గుర్తుపెట్టుకుని, మీకు వర్తించే శాఖలో వెతకండి. పింఛన్ల వంటివి 2235 కింద ఉంటాయి.

అక్కడ ఒక్కో లైను పక్కన నాలుగు అంకెలు కనిపిస్తాయి. 2025-26 పుస్తకం తీసుకుంటే 2023-24లో నిజంగా ఖర్చయింది, 2024-25 బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, 2025-26 అంచనా. పేపర్లలో హెడ్డింగ్ అయ్యేది నాలుగోది. మీరు చూడాల్సింది మొదటిది. అప్పట్లో ఎంత ప్రకటించారో రెండేళ్ల కిందటి పుస్తకంలో చూసి, ఇప్పుడు ‘నిజ ఖర్చు’ గడిలో ఉన్న అంకెతో పోల్చండి. రెండింటి మధ్య తేడా ఎంతుందో అంత మేర సభ అనుమతించినా డబ్బు కదల్లేదు. ఈ పని కష్టమేమీ కాదు, పావుగంట చాలు. ఆశ్చర్యం ఏంటంటే సభలో మాట్లాడేవాళ్లలోనే ఈ మొదటి గడి గురించి అడిగేవాళ్లు తక్కువ. ‘పోయినసారి కన్నా పెంచాం’ అని ఒకరు, ‘చాలదు’ అని ఇంకొకరు, ఇద్దరూ నాలుగో అంకె మీదే వాదించుకుంటారు.

దీనికి తోడు సమయం తక్కువ. పద్దును రూపాయికో, వంద రూపాయల మేరకో తగ్గించమంటూ కోత తీర్మానం పెట్టి ఒక శాఖను నిలదీసే అవకాశం సభ్యులకు ఉంది. కానీ చర్చకు పెట్టుకున్న రోజులు అయిపోగానే మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఓటుకు వస్తాయి. దాన్నే గిలెటిన్ అంటారు. సంక్షేమ శాఖ పద్దు అందులో పడితే దానిపై ఒక్క మాటా రికార్డులో ఉండదు.

ఫీజులొక్కటే కాదు, స్వయం ఉపాధి పథకాలకూ ఇదే కొలత పెట్టి చూడండి. తెలంగాణలో 2025లో రాజీవ్ యువ వికాసం ప్రకటించారు. 6,000 కోట్లు, 5 లక్షల మంది యువత, 4 లక్షల రూపాయల వరకు సాయం అన్నారు. మీలో చాలామంది మీసేవ, ఎంపీడీవో ఆఫీసుల దగ్గర లైన్లో నిలబడి ఉంటారు. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామన్నారు, ఆ తేదీ వాయిదా పడింది. ఇలాంటి పథకాన్ని నమ్ముకుని షాపు అడ్వాన్సు కట్టేముందు, విడుదల ఉత్తర్వు వచ్చిందో లేదో కనుక్కోవడం మంచిది.

ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

కాలేజీ ‘డబ్బులు రాలేదు’ అంటే ఏ విద్యా సంవత్సరానివి, ఎంత అన్నది కాగితం మీద రాసి ఇవ్వమనండి. నోటిమాటకు విలువ లేదు. దాన్ని పట్టుకుని జిల్లా సంక్షేమాధికారి ఆఫీసుకెళ్తే మీ బిల్లు ట్రెజరీకి వెళ్లిందా, టోకెన్ పడిందా అన్నది చెప్పగలరు. ఉద్యోగం పోతుందన్న భయంతో అప్పుచేసి ఫీజు కట్టేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కడితే మాత్రం ‘ప్రభుత్వ ఫీజు రావాల్సి ఉన్నందున విద్యార్థి చెల్లించిన మొత్తం, వచ్చాక తిరిగి ఇవ్వబడును’ అని రసీదు మీదే రాయించుకోండి. రెండేళ్ల తర్వాత ఆ సొమ్ము కాలేజీ ఖాతాలో పడినప్పుడు మీకు ఫోన్ చేసి పిలిచి ఇస్తారని అనుకోవద్దు.

ప్రవేశం సమయంలో ఇచ్చిన టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్‌ను కాలేజీ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. అవి ఇంకా కాలేజీలోనే ఉంటే ఈ సంగతి గుర్తుచేసి లిఖితపూర్వకంగా అడగండి. చిక్కంతా చదువు అయ్యాక ఇచ్చే టీసీ, మెమోలతోనే. అక్కడ యూనివర్సిటీ రిజిస్ట్రారుకు, ఉన్నత విద్యామండలికి ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇంకో దారి సమాచార హక్కు దరఖాస్తు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. చాలామంది ‘నా ఫీజు ఎందుకు రాలేదు’ అని రాసి, ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క లైను జవాబుతో నిరాశపడతారు. ప్రశ్న మార్చండి. సంక్షేమ శాఖ పౌర సమాచార అధికారికి ఇలా రాయొచ్చు: ఫలానా ఆర్థిక సంవత్సరంలో ట్యూషన్ ఫీజు పద్దు కింద సభ ఆమోదించిన మొత్తం ఎంత? విడుదల ఉత్తర్వులు ఏయే తేదీల్లో, ఎంతెంతకు వచ్చాయి? ట్రెజరీకి పంపిన బిల్లుల్లో ఇంకా చెల్లించనివి ఎన్ని, వాటి మొత్తం ఎంత? మా కాలేజీకి సంబంధించిన టోకెన్ నంబర్లు, తేదీలు ఇవ్వగలరు. వచ్చిన జవాబు కాపీ ఒకటి మీ ఎమ్మెల్యేకు అందేలా చూడండి, వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే.