నాలుగు గోడలకు పట్టని ఇల్లు

2020 వేసవిలో కరోనా వచ్చి ‘ఇల్లు కదలొద్దు’ అన్నారు. గోదావరి జిల్లాల్లో ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉంటుందో అప్పుడే తెలిసింది.

2020 మార్చి 25, బుధవారం, శార్వరి నామ ఉగాది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే ఆంక్షలు మొదలై బస్సులు ఆగిపోయాయి. పచ్చడికి వేపపువ్వు పెరట్లోనే ఉంది, మామిడికాయ పక్కవాళ్ల చెట్టుది గోడ మీంచి అందింది. పంచాంగం మాత్రం ఎవరింట్లో వాళ్లు టీవీలో విన్నారు. ఆ ఏడాది ఎవరి ఆదాయమెంతో, వ్యయమెంతో పంతులుగారు ఎప్పటిలాగే చదివేశారు.

ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలన్నది సర్కారు మాట. రోగం తీరు చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ఆ మాట చెప్పినవాళ్లు ఇల్లంటే నాలుగు గోడలూ ఒక కప్పూ అనుకున్నారు. డెల్టాలో ఇల్లు అంత పొందికగా ఉండదండీ. కూతురి కాపురం ఏటికి అవతల, కొడుకు హైదరాబాదులో, తల్లి కువైట్‌లో, కూలి పక్క ఊరి చేలో. ఇన్నిచోట్ల ఉన్న ఇంటికి తలుపు ఎక్కడ వేస్తారు?

వంతెన మీద పోలీసులు

రాజమండ్రి, కొవ్వూరు పేరుకే రెండూళ్లు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక ఈ ఒడ్డున వండిన కూర చల్లారేలోగా ఆ ఒడ్డుకు చేరేది. కొవ్వూరు వాళ్లకు పెద్ద డాక్టరన్నా, పెళ్లి బట్టలన్నా రాజమండ్రే. అప్పట్లో రాజమండ్రి తూర్పు గోదావరి, కొవ్వూరు పశ్చిమ గోదావరి. జిల్లాల మధ్య రాకపోకలు ఆపేసేసరికి సరిహద్దు సరిగ్గా గోదారి మధ్యలో తేలింది. పుట్టింటికి వచ్చిన నిండు చూలాలు ఇవతల, మొగుడు అవతల. పురుడు కబురు వాట్సాప్‌లో, బిడ్డ మొహం వీడియో కాల్‌లో.

కిందికి పోతే ఇంకా చిక్కు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం ఎంతసేపు? పంటు ఆగిపోయింది. రోడ్డున పోదామంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి, అదీ జిల్లా సరిహద్దే. యానాం సంగతి చెప్పనక్కర్లేదు. చుట్టూ అప్పటి తూర్పు గోదావరి, పాలన ఎక్కడో పుదుచ్చేరిది. వియ్యాలవారిది వేరే రాష్ట్రమని యానాంలో చాలామందికి బారికేడ్ల దగ్గరే గుర్తొచ్చి ఉంటుంది.

జాడీలు కదలని ఏడాది

ఏప్రిల్ సగమయ్యేసరికి మామిడికాయ టెంక కట్టింది. రోగముందని కాయ ఆగదు కదా. ఏటా బజార్లో కాయలు కొనగానే అక్కడే పెద్ద కత్తిపీట వేసుక్కూర్చున్నవాడు టకటకా ముక్కలు కొట్టి సంచిలో పోసేవాడు. ఆ ఏడాది అతను లేడు. మా ఇంట్లో అటక మీంచి తాతల నాటి కత్తిపీట దిగింది. ప్రతి ముక్కకీ టెంక పట్టి ఉండాలి, లేకపోతే ఊరాక మెత్తబడిపోతుంది. జీడి తీసి, లోపలి పల్చటి పొర గీకి, పొడిగుడ్డతో ముక్క ముక్కా తుడవాలి. ఉద్యోగాలకు పోయే రోజుల్లో ఈ పనికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. మా అమ్మ పీటమీద కూర్చుని, ‘తడి చెయ్యి తగిలిందంటే బూజే’ అని అందరినీ ఆడించేసింది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వులనూనె పోసి, మూడోనాడు తిరగకలిపారు.

అసలు కష్టం ఆ తరవాత వచ్చింది. మా వైపు ఆవకాయ తినడానికి ఎంత పెడతారో పంపడానికీ అంతే పెడతారు. పెద్దజాడీ ఇంటికి, బెల్లం ఆవకాయ హైదరాబాదులో కూతురికి, వెల్లుల్లి వెయ్యనిది బెంగళూరులో వియ్యపురాలికి. వరసగా నిలబెట్టిన జాడీలకు వాసెన కట్టారుగానీ తీసుకెళ్లే బస్సేది? ఆర్టీసీ బస్సులు మే 21న కదిలాయి, అదీ రాష్ట్రం లోపలే. రెండు రాష్ట్రాల ఆర్టీసీలకు ఒప్పందం కుదిరి హైదరాబాదు బస్సు మళ్లీ తిరిగేసరికి నవంబరు వచ్చింది. అప్పటికి ఆవకాయ ఎర్రదనం పోయి నల్లబడుతోంది.

ఇంట్లో ఇంతమంది పగలంతా ఉండటం పెద్దవాళ్లకు పండగ. వంటింట్లో ఉన్నవాళ్లను అడగండి. పనమ్మాయి రాదు, పిల్లలకు బడి లేదు, మగవాళ్లకు ఆఫీసు లేదు. సాయంత్రం దాకా ‘ఇంకో టీ పడుతుందా’ అనే మాటే. దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేస్తుంటే అందరూ చూశారంటారు. చాలామంది ఆడవాళ్లు పొయ్యి దగ్గర్నుంచి విన్నారు.

బియ్యం వచ్చింది, పని రాలేదు

బస్తాల ధాన్యం ఉన్న లోగిలికీ, ఏపూటకాపూట కొనుక్కునే పాకకీ లాక్‌డౌన్ ఒకటే. మార్చి నెలాఖరు నుంచి రేషన్ బియ్యం, కిలో కందిపప్పు ఉచితంగా ఇచ్చారు. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. అది చిన్న సాయమని నేననను. కానీ నూనె, సబ్బు, చీటీ వాయిదా, ఫోను రీచార్జి ఏ కార్డు మీదా రావు. దాళ్వా కోతలకు ప్రభుత్వం అడ్డు చెప్పలేదు. చేలో మిషన్లు తిరిగినచోట కూలీల చేతికి వచ్చిందేమీ లేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు ఇంట్లో చేసే పనే కదా, ఆగకూడదు మరి. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పైన ఒక్కసారి ఆనించి లాగితే రేకు లేస్తుంది. గడప దాటక్కర్లేదు. ఆ రేకులు కొని పెళ్లిళ్లకు పంపే దుకాణమే మూతపడింది. కడియం వైపు పూల రైతుదీ ఇదే కథ. పువ్వు పూసింది, పెళ్లి లేదు.

మద్యం దుకాణాలు మార్చి నుంచి మే 4 దాకా మూసి ఉన్నాయి. పేదవాడల్లో ఆడవాళ్లు లాక్‌డౌన్‌ను మెచ్చుకున్నారంటే అది ఈ ఒక్క సంగతికే. తెరిచిన రెండ్రోజుల్లోనే ధర 75 శాతం పెంచారు. తాగేవాడు మానలేదు, ఇంటికి వచ్చే డబ్బే తగ్గింది.

కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు ఎన్నో ఇళ్లకు ఇల్లాలే గల్ఫ్ సంపాదన. పరాయి ఇంట్లో వంటచేసి పంపిన డబ్బుతోనే ఇక్కడ డాబా లేచింది. విమానాలు ఆగిపోయాక ఆ తల్లులు అక్కడ, పిల్లలు అమ్మమ్మల దగ్గర. మే 7న వందే భారత్ విమానాలు మొదలై కొందరు తిరిగొచ్చారు. సొంత జిల్లాకు చేరినా ముందు క్వారంటైన్, ఆ తరవాతే ఇల్లు.

మే నుంచి పెళ్లికి 50 మందే అన్నారు. రెండు ఊళ్లను భోజనానికి పిలిచే మన వైపు అదో అవమానమనుకున్నారు. లోపల ఊపిరి పీల్చుకున్న ఆడపిల్ల తండ్రులు ఎంతమందో! అప్పు లేకుండా పెళ్లి చెయ్యొచ్చని తేలిపోయింది. ఆంక్షలు తీశారో లేదో, వంటలు మళ్లీ నలభై రకాలయ్యాయి. ఈ విషయంలో మనవాళ్లు బాగుపడరు.

అంత కట్టుదిట్టంగా గడిపిన వేసవిలో ఇక్కడ కేసులు తక్కువే. తలుపులు తీశాకే రోగం ఊళ్లమీద పడింది. ఆ ఏడాది చివరికి రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటే ఎక్కువ కేసులు తూర్పు గోదావరివే. ఆగస్టులో వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తే, దూరం పాటించమన్న లంక జనాన్నే పునరావాస కేంద్రాలకు తరలించాల్సి వచ్చింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ గీశారు. కొవ్వూరు, రాజమండ్రి ఒకే జిల్లాలోకి వచ్చాయి. కోనసీమ వేరే జిల్లా అయింది, ఆత్రేయపురం అందులోకి పోయింది. ఇంకోసారి జిల్లా సరిహద్దులు మూయాల్సి వస్తే బారికేడ్లు ఈసారి రాజమండ్రికీ ఆత్రేయపురానికీ మధ్య ధవళేశ్వరం బ్యారేజీ మీద పెడతారు.