గుణకారము కూడికగా మారుట

2, 3ల మొత్తమునకు సంవర్గమానమెంత అని అడిగిన, 0.3010కి 0.4771 కలిపి 0.7781 అని చెప్పు విద్యార్థులు ప్రతి తరగతిలోను ఉందురు. కాని పట్టికలో 5కు ఎదురుగా నున్నది 0.6990. 0.7781కి అతి సమీపమగు 0.7782 ఉన్నది 6కు ఎదురుగా! సంవర్గమానములను కూడినపుడు సంఖ్యలు కూడబడుట లేదు, గుణింపబడుచున్నవి. సూత్రమును అర్థము చెప్పక కంఠస్థము చేయించుటయే ఈ పొరపాటునకు మూలము.

ఒక సంఖ్యను పొందుటకు 10ని ఏ ఘాతమునకు హెచ్చింపవలెనో ఆ ఘాతాంకమే, 10 ఆధారముగా, ఆ సంఖ్యకు సంవర్గమానము. 100లో 10 రెండుమార్లు, 1000లో మూడుమార్లు గుణకముగా ఉన్నది. ఆ రెంటిని గుణించిన అయిదుమార్లు వచ్చును గదా! 2, 3 వంటి సంఖ్యల ఘాతాంకములు దశాంశములు. న్యాయము మాత్రము అదియే. క, గ ధనసంఖ్యలైనపుడు

లాగ్ (క × గ) = లాగ్ క + లాగ్ గ

34.7ను 5.26చే గుణింపవలెననుకొందము. వాని సంవర్గమానములు 1.5403, 0.7210; మొత్తము 2.2613. ఇందలి 2 లబ్ధము వందలలో నున్నదని తెలుపును. ప్రతిసంవర్గమాన పట్టికలో 0.2613కు 1825 దొరకును. కనుక లబ్ధము 182.5. నేరుగా గుణించిన 182.522. నాలుగంకెల పట్టికనుండి అంతకుమించి ఆశింపరాదు.

ఈ సూత్రము మొదటినుండి ఇంత సులభముగా లేదు. స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియర్ 1614లో ప్రకటించిన పద్ధతిలో సున్న, 1కి గాక, 1,00,00,000కు సంవర్గమానము. ఆ లెక్కన 1 యొక్క సంవర్గమానము 16 కోట్లకు పైబడును. ఏ సంఖ్యనైనను 1చే గుణించిన మారదు. కాని సంవర్గమానములను కూడునపుడు ఆ 16 కోట్లు వచ్చి చేరును. లబ్ధము కావలెనన్న దానిని మరల తీసివేయవలెను. లండనులో జ్యామితి ఆచార్యుడగు హెన్రీ బ్రిగ్స్ 1615లో ఎడింబరోకు పోయి నేపియర్‌ను కలిసికొనెను. 1కి సున్నయే సంవర్గమానము కావలెనని ఇరువురును అంగీకరించిరి. బ్రిగ్స్ 1617లో 1 మొదలు 1000 వరకు గల సంఖ్యలకు 14 దశాంశ స్థానములతో పట్టిక ప్రకటించెను.

కాల్‌క్యులేటరు వచ్చినపిదప పట్టికలు మూలపడినవి. సూత్రమునకు పని తప్పలేదు. ఒక్కొక్కటి 0.01 చొప్పున 500 సంభావ్యతలను గుణించిన, దశాంశ బిందువు తరువాత 999 సున్నలు, ఆపైన 1 వచ్చును. కంప్యూటరు సాధారణముగా సంఖ్యలను దాచు 64 బిట్ల రూపములో అంత చిన్న సంఖ్య ఇమడదు, అది సున్నయైపోవును. అందుచే సంవర్గమానములనే కూడుదురు. −2ను 500 మార్లు కూడిన −1000 మాత్రమే.