రూడీ ఎందుకు ఆగాడు?

పిల్లలకు పరుగెత్తడం నేర్పిస్తున్నాం, ఆగడం నేర్పించడం లేదు. బడిలో ర్యాంకుల సంగతి సరే, సండేస్కూల్ వార్షికోత్సవంలో మాత్రం జరుగుతున్నదేమిటి? ఎక్కువ వాక్యాలు కంఠతా చెప్పినవాడికి మొదటి బహుమతి, ఆ తర్వాతివాడికి రెండోది. స్టీలు గ్లాసు పట్టుకుని వేదిక దిగి వచ్చిన పిల్లాణ్ని కన్నతల్లి అడిగే మొదటి ప్రశ్న 'మరి ఫస్టెవరికొచ్చిందిరా?' అనే. జెబెదయి కుమారుల తల్లి యేసుప్రభువు దగ్గరికొచ్చి తన ఇద్దరు కొడుకులకూ కుడివైపొకటి, ఎడమవైపొకటి కుర్చీ అడిగింది (మత్తయి 20:20-28). ఆమెను తప్పుబట్టే అర్హత మనలో చాలామందికి లేదు.

ఈ బెంగతోనే ఒక ఏడాది వీబీఎస్ అయిపోయాక, మా సండేస్కూల్లో పెద్దపిల్లల తరగతికి ఆరు ఆదివారాలపాటు ఒక పర్వతారోహణ నవల చెప్పాను. అది బైబిలు కథ కాదు, బైబిలు కథకు నకలూ కాదు. అయ్యగారిని ముందుగా అడిగితే, 'కానివ్వండి, పాటా ప్రార్థనా మాత్రం మానకండి' అని నవ్వి ఊరుకున్నారాయన.

నవల పేరు 'బ్యానర్ ఇన్ ది స్కై'. జేమ్స్ రామ్సే ఉల్మన్ అనే అమెరికన్ రచయిత 1954లో రాశాడు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ ఆనర్ గౌరవం దానికి దక్కింది. 1959లో డిస్నీ సంస్థ దాన్ని సినిమాగా తీసింది. ఉల్మన్ కుర్చీలో కూర్చుని కొండల గురించి ఊహించుకున్నవాడు కాదు. టెన్సింగ్ నార్గే తన జీవితకథను 1955లో ఈయన చేతే రాయించుకున్నాడు. 1963లో అమెరికన్లు ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ యాత్ర చరిత్ర రాసిందీ ఈయనే. కొండ ఎక్కేవాళ్ల గొప్పతనమూ, వాళ్ల అహంకారమూ రెండూ ఆయనకు తెలుసు.

కథ స్విట్జర్లాండులోని కుర్టాల్ అనే ఊహాజనిత గ్రామంలో నడుస్తుంది. రూడీ మాట్‌కు పదహారేళ్లు. సన్నగా, అర్భకంగా ఉంటాడని తోటివాళ్లు ఏడిపిస్తుంటారు. తండ్రి యోసెఫ్ మాట్ ఆ ప్రాంతంలోకెల్లా గొప్ప గైడు. ఎవరూ ఎక్కలేకపోయిన సిటాడెల్ అనే శిఖరం మీద, పదిహేనేళ్ల క్రితం చనిపోయాడు. తనను నమ్ముకుని వచ్చిన యజమాని గాయపడి కదలలేకపోతే వదిలి దిగిరాలేదతను. ఒంటి మీదున్న ఎర్రచొక్కా విప్పి ఆయనకు కప్పి, పక్కనే ఉండిపోయాడు. ఇద్దరూ చలికి గడ్డకట్టి చనిపోయారు. భర్తను మింగిన కొండ కొడుకునూ మింగుతుందని తల్లి భయం. అందుకే రూడీని హోటల్లో పనికి పెట్టింది. వాడక్కడ గిన్నెలు కడుగుతూ, కిటికీలోంచి కొండ కేసి చూస్తూ ఉంటాడు.

ఒకరోజు పని ఎగ్గొట్టి మంచుమీదికి వెళతాడు. ఎక్కడో లోతులోంచి కేక వినిపిస్తుంది. కెప్టెన్ వింటర్ అనే ఇంగ్లిషు పర్వతారోహకుడు మంచుపగులులో పడిపోయాడు. ఇక్కడ నాకు చిక్కొచ్చింది. మన పిల్లలు ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడలేదు, ఇక మంచునది ఏమిటో, అందులో పగులేమిటో ఎలా చెప్పాలి? ఎండాకాలంలో నల్లరేగడి చేను నెర్రెలు విచ్చడం చూశారా అని అడిగాను. చూశామన్నారు. ఆ నెర్రె పాడుబావంత లోతుంటే, దాని మూతి మీద పల్చటి మంచు పేరుకుని నేలలాగే కనిపిస్తుంటే ఎలా ఉంటుందో ఊహించమన్నాను. తరగతి నిశ్శబ్దమైపోయింది. రూడీ దగ్గర తాడు లేదు. వేసుకున్న బట్టలు విప్పి, ముడులేసి, వాటినే తాడుగా చేసి కెప్టెన్‌ను పైకి లాగుతాడు. 'మరి వాడికి చలెయ్యలేదా అంకుల్?' అని వెంటనే అడిగిందొక పాప. తండ్రి చొక్కా సంగతి ఆ పాప మరిచిపోయినట్టుంది. పక్కనున్న పిల్లాడే గుర్తుచేశాడు, 'వాళ్ల నాన్న కూడా చొక్కా విప్పాడుగా' అని. నేను చెప్పాలనుకున్న మాట వాడు చెప్పేశాడు.

మూడో ఆదివారం తర్వాత ఒక తల్లి నా దగ్గరికొచ్చింది. 'వందనాలు అన్నయ్యగారూ. మీరు చెప్పే కథలో పిల్లాడు తల్లికి అబద్ధం చెప్పి కొండెక్కుతున్నాడట కదా. మావాడు ఇంట్లో అదే వర్ణించి చెబుతున్నాడు. ఇది సండేస్కూల్లో చెప్పాల్సిన కథేనా?' అంది.

ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నవల చదివినవారెవరికైనా ఈ ముల్లు గుచ్చుకుంటుంది. రూడీ తల్లి మాట కాదని వెళతాడు, దాచిపెట్టి వెళతాడు. దాన్ని సాహసమని పొగిడితే పిల్లలకు విషం పెట్టినట్టే. అలాగని ఆ భాగం కత్తిరించి చెబితే కథ చచ్చిపోతుంది. మన సండేస్కూల్ పాఠాల్లో పెద్ద లోపమిదే. దావీదును గొల్యాతు దగ్గర మొదలుపెట్టి బత్షెబకు ముందే ముగించేస్తాం. పిల్లలకు తెలిసేది తప్పే చెయ్యని వీరులు. రేపు తామే తప్పుచేస్తే, ఆ వీరుల్లో తమకు చోటు లేదనుకుంటారు.

అందుకే ఆ తర్వాతి ఆదివారం తరగతిని రెండుగా చీల్చాను. ఒక పక్క రూడీ, ఇంకో పక్క రూడీ తల్లి. ఎవరిది న్యాయమో మీరే వాదించుకోండన్నాను. అరగంట గొడవ. 'వాళ్ల నాన్న కల అది, ఎక్కాల్సిందే' అని ఒకరు, 'మొగుడు పోయాక కొడుకు కూడా పోతే ఆమె ఎవర్ని చూసుకుని బతకాలి?' అని మరొకరు. రెండో మాటన్నది పదమూడేళ్ల పిల్ల. వాళ్ల నాన్న లేడని నాకు తర్వాత తెలిసింది.

అప్పుడు లూకా రెండో అధ్యాయం తెరిచాం. యేసు ఎదుగుదల గురించిన 52వ వాక్యం మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. దానికి ముందున్న వాక్యం అడిగితే మాత్రం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దేవాలయంలో కొడుకు దొరికేదాకా మూడు రోజులు తల్లిదండ్రులు పడ్డ వేదన అక్కడుంది. ఆయన వారితో నజరేతుకు తిరిగి వెళ్లి, వారికి లోబడి బతికాడన్న మాటా అక్కడే ఉంది. తండ్రి పని మీద ఉండాలన్న పిలుపు నిజమే, ఇంటికి తిరిగివెళ్లడమూ నిజమే. ఎదిగాడన్న మాట ఆ రెండింటి తర్వాత వచ్చింది. ఇంతకు మించి నేను వివరించలేదు, ఎందుకంటే నాకూ అంతకు మించి తెలియదు.

నవలలో రూడీ ఎదుగుదల కూడా సాఫీగా సాగదు. మొదటిసారి మేనమామ ఫ్రాంజ్‌తో, కెప్టెన్‌తో కలిసి వండర్‌హార్న్ అనే కొండకు వెళ్లినప్పుడు, చెప్పకుండా ఒంటరిగా పక్కకు వెళ్లి చిక్కుకుపోతాడు. వాణ్ని కాపాడటానికి పెద్దవాళ్లు తమ ప్రాణాలు ఒడ్డాల్సివస్తుంది. తలవంచుకుని ఊళ్లోకి తిరిగొస్తాడు. వాడికి మళ్లీ ధైర్యమిచ్చేదెవరనుకున్నారు? హోటల్ వంటవాడు టియో. యోసెఫ్ మాట్ ఆఖరి యాత్రలో ఉండి, అవిటివాడై బతికినవాడు. ఒకప్పుడు కొండలెక్కిన మనిషి, ఇప్పుడు కుంటుకుంటూ వంట చేస్తున్నాడు. గిన్నెలు కడిగే కుర్రాడికి గురువు ఆయనే. మన సంఘాల్లోనూ టియోలాంటివారుంటారు. వెనక బెంచీలో కూర్చుంటారు, సాక్ష్యం చెప్పమని మైకెవరూ ఇవ్వరు.

ఇక సిటాడెల్. కెప్టెన్ వింటర్, మేనమామ ఫ్రాంజ్, పొరుగూరు గైడు ఎమిల్ సాక్సో, వాళ్లతో రూడీ. రెండూళ్ల మధ్య పాతపగలు. సాక్సో పొగరుబోతు. తండ్రి వెతికిన దారిని రూడీయే కనిపెడతాడు. తీరా శిఖరం దగ్గరపడ్డ రోజున తెల్లవారకముందే సాక్సో మిగిలినవారిని వదిలేసి ఒంటరిగా బయలుదేరతాడు, ముందు తానే ఎక్కాలని. రూడీ వెంటపడతాడు. ఇద్దరికీ పెనుగులాట. సాక్సో జారిపడి గాయాలతో కదలలేని స్థితిలో ఉండిపోతాడు.

ఇక్కడ కథ ఆపేసి 'మిగతాది వచ్చేవారం' అన్నాను. పిల్లలు నన్ను కొట్టకపోవడమే ఎక్కువ. ఇంటికెళ్లి ఆలోచించి రమ్మని ఒకే ప్రశ్న ఇచ్చాను. శిఖరం ఎదురుగా ఉంది, నాన్న ఎర్రచొక్కాను అక్కడ నిలపాలన్నది జీవితాశయం, పడిపోయినవాడేమో మోసం చేయబోయిన పోటీదారుడు, చూసేవారెవరూ లేరు. నువ్వైతే ఏంచేస్తావు?

వచ్చేవారం జవాబులన్నీ ముచ్చటగా ఉన్నాయి, అన్నీ అబద్ధాలే! 'సాక్సోకే సాయం చేస్తా' అని అందరూ ఒకే స్వరంతో అన్నారు. సండేస్కూల్ పిల్లలకు టీచరుకేం కావాలో బాగా తెలుసు. ఎప్పుడూ మొదటి బహుమతి తీసుకెళ్లే పిల్లాడొక్కడే నిజం చెప్పాడు, 'ముందు పైకెక్కి జెండా పెట్టి, దిగేటప్పుడు తీసుకెళతా అంకుల్' అని. అందరూ నవ్వారు గానీ, నాకా జవాబే విలువైనదనిపించింది. మనమంతా చేసేది అదే కదా, ముందు మన శిఖరం, తర్వాత సేవ.

రూడీ ఎక్కలేదు. తండ్రి లాగే ఆగాడు. గాయపడిన సాక్సోను వెంటబెట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. కెప్టెన్ వింటర్, ఫ్రాంజ్ శిఖరం చేరి, యోసెఫ్ మాట్ ఎర్రచొక్కాను కర్రకు కట్టి అక్కడ నిలిపారు. ఆకాశంలో జెండా అన్న పేరు అందుకే. ఆ తర్వాత ఇది రూడీ గెలిచిన పర్వతమని కెప్టెన్ ఊరందరి ముందూ ఒప్పుకుంటాడు. నిజం చెప్పాలంటే ఆ చివరి పేజీలు నాకంత నచ్చవు. త్యాగం చేసిన పిల్లాడికి సాయంత్రానికల్లా చప్పట్లు కొట్టించేశాడు రచయిత. నేనైతే పిల్లలకు ఆ భాగాన్ని రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు వెళ్లిపోయాను.

వాళ్లకు ఎక్కువసేపు చెప్పింది ఈ నవల వెనకున్న అసలు చరిత్ర. సిటాడెల్‌కు మూలం 4,478 మీటర్ల మాటర్‌హార్న్. 1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే పాతికేళ్ల ఇంగ్లిషు యువకుడి బృందం దాన్ని మొదటిసారి ఎక్కింది. మొత్తం ఏడుగురు. ఇటలీ వైపు నుంచి కారెల్ అనే గైడు బృందం కూడా ఎక్కుతోంది. అదొక పందెం. తామే ముందు చేరామని వాళ్లకు తెలియాలని, శిఖరం మీంచి రాళ్లు కూడా దొర్లించారు. మిషెల్ క్రోజ్ అనే గైడు తన పైచొక్కా విప్పి గుడారపు కర్రకు కట్టి జెండా ఎగరేశాడు. ఉల్మన్ ఎర్రచొక్కా ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు.

దిగేటప్పుడు హాడో అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడి కాలు జారింది. ముందున్న క్రోజ్‌ను ఢీకొన్నాడు. ఆ వెంటే మరో ఇద్దరు. పైనున్నవారు గట్టిగా నిలదొక్కుకున్నారు గానీ, మధ్యలో తాడు తెగింది. నలుగురు పోయారు. వారిలో ఒకరు చార్లెస్ హడ్సన్. ఆయన ఆంగ్లికన్ పాదిరి, ఆ కాలపు మంచి పర్వతారోహకుల్లో ఒకరు. హాడోకు అనుభవం చాలదేమోనన్న అనుమానం ముందే వస్తే, పరవాలేదని హామీ ఇచ్చి వెంట తీసుకొచ్చిందీ ఆయనే. పిల్లాడి మీద ప్రేమతోనే ఇచ్చి ఉంటాడు. వాడి స్థాయికి మించిన కొండ వాడికి కట్టబెట్టడం ప్రేమేనా అన్నది తల్లిదండ్రులు, టీచర్లు, పాస్టర్లు రాత్రిపూట ఆలోచించుకోవలసిన విషయం.

అసలు చరిత్రలో గెలుపు పైన జరిగింది, చావు దిగేటప్పుడు వచ్చింది. ఉల్మన్ దీన్ని తిరగేసి రాశాడు. అతని కథానాయకుడు పైకెక్కకుండానే దిగుతాడు, దిగుతూ ఒకడి ప్రాణం నిలుపుతాడు. రూపాంతర కొండ మీద పేతురు పర్ణశాలలు వేసుకుని ఉండిపోదామన్నాడు, కింద ఒక తండ్రి ఒక్కగానొక్క కొడుకు కోసం ఏడుస్తున్నాడు (లూకా 9:28-43). ప్రభువు దిగివచ్చాడు.

'పూర్ణ అక్క మాత్రం పైదాకా ఎక్కిందిగా అంకుల్?' అని అడిగిందొక అమ్మాయి. నిజమే. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల. భువనగిరి కొండ మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది, తోటి గురుకుల విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా ఆమెతో ఉన్నాడు. ఎక్కడం తప్పని నేను చెప్పడం లేదన్నాను. ఎక్కాలి. తాడుకు అటుచివర ఎవరున్నారో చూసుకుంటూ ఎక్కాలి.

మాటలతో చెబితే అర్థమయ్యే సంగతి కాదది. అందుకే చివరి ఆదివారం ఇంటినుంచి చేంతాడు తీసుకెళ్లాను. ముగ్గురు ముగ్గురి నడుములకు కట్టి, చర్చి ఆవరణలో నడిపించాను. ఒకరు కదిలేటప్పుడు మిగతా ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి నిలబడాలి. మొదటి జట్టు పది అడుగులకే బోర్లాపడింది, ముందువాడు పరుగెత్తబోయాడు మరి! వాడెవరో మీరు ఊహించే ఉంటారు. మోకాలు దులుపుకుని లేచి, నా చేతిలోని తాడు కొసను చూస్తూ అడిగాడు, 'ఆ తెగిపోయిన తాడు ఏమైంది అంకుల్?'

'జెర్మాట్ ఊళ్లో మ్యూజియంలో దాచారు. ఇప్పటికీ ఉంది.'

'దీనంత లావుంటుందా?'

'దీనికంటే సన్నం. ఉన్న తాళ్లలో అదే పాతది, అదే బలహీనమైనది.'

వాడు మా చేంతాడును రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగి చూసి, ఈసారి తాను వెనకుంటానన్నాడు.