బ్లిదా ఆసుపత్రిలో ఒక డాక్టరు దిద్దుకున్న తప్పు

1953 నవంబరులో అల్జీరియాలోని బ్లిదా మానసిక ఆసుపత్రికి ఇరవై ఎనిమిదేళ్ల డాక్టరు ఒకరు కొత్తగా వచ్చారు. పేరు ఫ్రాంజ్ ఫానన్. కరీబియన్ దీవి మార్టినిక్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడి, ఆ తర్వాత లియాన్‌లో వైద్యం చదివారు. అప్పటికి అల్జీరియా ఫ్రెంచి వలసరాజ్యం. ఆసుపత్రిలోనూ రోగులను జాతిని బట్టి వేరుచేసేవారు. ఫానన్ చేతికి వచ్చిన వార్డులు అలాంటివే: ఒకచోట 165 మంది యూరోపియన్ మహిళలు, ఇంకోచోట 220 మంది ముస్లిం పురుషులు.

ఫానన్ ఖాళీ చేతులతో రాలేదు. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఆల్బన్ ఆసుపత్రిలో తోస్కేల్ అనే డాక్టరు దగ్గర ఒక కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చారు. రోగిని గదిలో పడేసి తాళం వేస్తే జబ్బు ముదురుతుంది. ఆసుపత్రినే ఒక చిన్న ఊరిలా మార్చి, రోగుల చేత సభలు జరిపించి, పత్రిక నడిపించి, పండుగలు చేయిస్తే మనసు మళ్లీ నలుగురిలో పడుతుంది. ఆ పద్ధతి సారాంశం ఇదే.

మహిళల వార్డులో ఇది చక్కగా పనిచేసింది. క్రిస్మస్ చేసుకున్నారు, సినిమాలు చూశారు, అల్లికలు మొదలుపెట్టారు, సొంతంగా పత్రిక తెచ్చారు. నెలల్లోనే వార్డు వాతావరణం మారిపోయింది.

అదే పద్ధతిని పక్క వార్డులో పెడితే బెడిసికొట్టింది. సాయంత్రం సభలకు పిలిస్తే మగవాళ్లు వచ్చి మౌనంగా కూర్చునేవారు. నారతో బుట్టలల్లే పని ఇస్తే అది ఆడవాళ్ల పని అని ముట్టుకోలేదు. పత్రిక పెడదామంటే ఎక్కువమందికి చదువు రాదు. పాడమంటే పాడలేదు. పాట వృత్తిగా పాడేవాళ్ల పని అని వాళ్ల లెక్క. అన్నిటికంటే పెద్ద చిక్కు మాటలది. ఫానన్‌కు గానీ, ఆయన సహాయకుడు జాక్ అజూలేకు గానీ అక్కడి అరబిక్ రాదు, కబైల్ భాషా రాదు. ప్రతి మాటా దుబాసీ నోటిమీదుగా వెళ్లాలి. ఆ రోగికి అంతకుముందు దుబాసీ ఎక్కడ ఎదురయ్యాడు? సర్కారు కచేరీలో, పోలీసుల దగ్గర, కోర్టులో. ఇప్పుడు అదే మనిషి డాక్టరు పక్కన నిలబడి కష్టసుఖాలు అడుగుతుంటే నోరెలా విప్పుతాడు?

అక్కడి వైద్య వర్గాల్లో ఈ మౌనానికి సిద్ధంగా ఒక జవాబు ఉండేది. అల్జీర్స్‌లో మానసిక వైద్యానికి పెద్దదిక్కుగా చలామణీ అయిన ఆంటువాన్ పోరో, ఆయన శిష్యులు అల్జీరియా ముస్లింల మనసే ఆదిమదశలో ఉందనీ, నేరం వాళ్ల స్వభావంలోనే ఉందనీ దశాబ్దాల పాటు బోధించారు. ఈ ధోరణి ఫ్రెంచివాళ్లకే పరిమితం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953లో అచ్చువేసిన పుస్తకంలో కెన్యాలో పనిచేసిన కరోథర్స్ అనే డాక్టరు, ఆఫ్రికావాసిని మెదడు ముందుభాగానికి శస్త్రచికిత్స జరిగిన యూరోపియన్‌తో పోల్చారు. భూములు లాక్కోవడం, ఆకలి, అవమానం ఈ శాస్త్రం లెక్కలోకే రాలేదు. వలస పాలన చేసిన గాయాన్ని రోగి పుట్టుక మీదకు నెట్టేసిన శాస్త్రం అది.

ఫానన్ తప్పును రోగుల మీద వేయలేదు. 1954లో అజూలేతో కలిసి రాసిన వ్యాసంలో అది తమ తప్పేనని ఒప్పుకున్నారు. యూరప్ అలవాట్లే మానవజాతి అలవాట్లని అనుకుని, ఆ రోగుల కుటుంబం, మతం, భూమితో బంధం, పేదరికం ఏవీ తెలుసుకోకుండా వైద్యానికి దిగామన్నారు. ఆ తర్వాత వార్డులో మార్పులు వచ్చాయి. నలుగురూ కూర్చుని కబుర్లాడుకునే అరబ్బుల కాఫీ దుకాణం వెలిసింది. ముస్లిం పండుగలు జరిగాయి. కథలు చెప్పేవాళ్లను పిలిపించారు. ఫుట్‌బాల్ మైదానం సిద్ధమైంది. బుట్టలు ముట్టని చేతులు పలుగూ పారా పట్టుకుని మట్టిలోకి దిగాయి.

ఇలాంటి పాఠమే ఇంకోటి ఒక మనస్తత్వ పరీక్షలో ఎదురైంది. అమెరికాలో తయారైన ఆ పరీక్షలో బొమ్మల కార్డులు చూపించి కథ చెప్పమంటారు. ఆ కథను బట్టి మనసును అంచనా వేస్తారు. ఫానన్, ఆయన సహచరుడు షార్ల్ జెరోనిమీ దీన్ని ముస్లిం మహిళల మీద ప్రయోగించి చూశారు. వాళ్లు కథ అల్లలేకపోయారు. ఇక్కడొక మనిషి, అక్కడొక వస్తువు అంటూ ముక్కలుగా చెప్పి ఆగిపోయారు. ఆ ఇళ్లు, ఆ బట్టలు, ఆ మనుషులు వాళ్లెరిగిన లోకంలోవి కావు. కట్టలో ఏ బొమ్మా లేని తెల్లకార్డు ఒకటి ఉంటుంది. అది చేతికిచ్చాక కథలు ధారాళంగా వచ్చాయి. ఊహాశక్తి లేదని ముద్రపడేది ఆ మహిళల మీద. లోపం మాత్రం కార్డుల్లో ఉంది.

1954 నవంబరు 1న అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. హింసకు గురైనవాళ్లూ, హింసించినవాళ్లూ ఒకే డాక్టరు దగ్గరికి రాసాగారు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఖైదీలను చిత్రహింసలు పెట్టడం అతని ఉద్యోగం. ఇంటికెళ్లాక భార్యనూ పసిబిడ్డలనూ కొడుతున్నాడు. ఉద్యోగం మానే ఆలోచన లేదు. మనసు కలత చెందకుండా ఆ పని ప్రశాంతంగా చేసుకునేలా వైద్యం చేయమని అడిగాడు. వైద్య నీతికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉంటుందా? రోగి బాధ తీర్చడం డాక్టరు ధర్మం. ఇక్కడ బాధ తీరిస్తే చిత్రహింస నిరాటంకంగా సాగుతుంది.

ఇంకో పోలీసు అధికారి ఫానన్ కోసం ఎదురుచూస్తూ ఆసుపత్రి ఆవరణలో తిరుగుతున్నాడు. అక్కడ చికిత్స పొందుతున్న ఒక అల్జీరియన్ ఎదురుపడ్డాడు. తను హింసించిన మనిషే. ఫానన్ వచ్చేసరికి ఆ అధికారి చెట్టుకు ఆనుకుని వణికిపోతున్నాడు. రోగి మాత్రం కనిపించలేదు. తనను మళ్లీ పట్టుకుపోవడానికే వచ్చారనుకుని మరుగుదొడ్డిలో దాక్కుని ప్రాణం తీసుకోబోయాడు. పోలీసులు ఆసుపత్రిలోకి రారనీ, చూసిందంతా భ్రమేననీ నచ్చజెప్పడానికి చాలా సమయం పట్టింది. రోగి చూసింది నిజం. అతన్ని బతికించడానికి డాక్టర్లు దాన్ని అబద్ధమని చెప్పాల్సి వచ్చింది.

1956లో ఫానన్ రాజీనామా చేశారు. మనిషి తన పరిసరాల్లో పరాయివాడు కాకుండా చూడటమే మానసిక వైద్యం పని అనీ, అల్జీరియన్‌ను సొంతగడ్డ మీదే పరాయివాణ్ణి చేసిన వ్యవస్థలో ఆ పని సాగదనీ పాలకులకు రాసిన లేఖలో స్పష్టం చేశారు. 1957 జనవరిలో ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టారు. తర్వాత ట్యునీషియాలో, రోగులు పగలు వచ్చి సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోయే ఆసుపత్రి నడిపారు. 1961 డిసెంబరు 6న రక్త క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 36.  బ్లిదా ఆసుపత్రికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

రోగి భాషనూ సంస్కృతినీ పట్టించుకోకుండా వైద్యం చేయవచ్చా అని బ్లిదా వార్డులో తలెత్తిన ప్రశ్న మన దేశపు చట్టంలోనూ కనిపిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒక మనిషి ఆర్థిక, సామాజిక, రాజకీయ స్థాయిని బట్టి గానీ, మతాన్నీ సంస్కృతినీ బట్టి గానీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. కులాన్నో వర్గాన్నో చూసి వైద్యంలో తేడా చూపకూడదు. జబ్బు ఏమిటో, చేయబోయే వైద్యం ఏమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా అదే చట్టం అంటోంది. తెలుగు మాట్లాడే రోగికైనా, గోండి మాట్లాడే రోగికైనా ఇది వర్తిస్తుంది. మీ ఇంట్లోవాళ్ల కోసం మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడు జబ్బు పేరు, మందు పనితీరు, వైద్యం ఎలా సాగుతుందో మీ భాషలో చెప్పమని అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. అడగడం మీ హక్కు.