వార్డు సభ్యుని పని యేమి? గూడెములోని మాట తీర్మానమగు విధము

మేము పంటల ప్రదర్శనమునకై ఉట్నూరు ప్రాంతపు గూడెములకు పోయినపుడు రైతులు ముందుగా విత్తనమును గూర్చియు, ప్రత్తికాయను దొలుచు పురుగును గూర్చియు నడుగుదురు. ఆ మాటలు ముగిసి మేము లేవబోవు సమయమున తఱచుగా మఱియొక ప్రశ్న వచ్చును. "అయ్యా, బోరు చెడినదని వార్డు మెంబరుతో చెప్పితిమి. సరే యనెను. రెండు నెలలైనది. ఇంక నెవరితో చెప్పవలెను?" ఒకచోట బోరు, ఒకచోట వాగుమీది దారి, వేఱొకచోట పోడుభూమి హక్కుపత్రము. విషయము మాఱును గాని ప్రశ్న మాఱదు.

ఇది మా శాఖకు చెందినది కాదని త్రోసివేయుట సులభము. కాని బోరు చెడినచోట పశువులకు నీరుండదు. దారి తెగినచోట ప్రత్తిబండి కదలదు. భూమికి పత్రము లేనిచోట అప్పు పుట్టదు. కావున పంచాయతీ వ్యవహారము సేద్యగానికి పరాయి విషయము గాదు. వార్డు సభ్యుని పని యేమి, అతనితో చెప్పిన మాట నిర్ణయముగా నెట్లు మాఱును, ఆ నిర్ణయము ఒక్కొక్కప్పుడు ఏల నిష్ఫలమగును అను సంగతులను ఈ నెల వివరింప దలచితిమి.

రెండు సభలు

మన సహకార సంఘమునకు పాలకవర్గమొకటి, సర్వసభ్య సమావేశమొకటి కలవు. గ్రామమునందును అట్లే రెండు సభలున్నవి. సర్పంచియు, వార్డు సభ్యులును కూడినది గ్రామ పంచాయతీ. ఓటర్ల జాబితాలో పేరున్న వారందఱు కూడినది గ్రామసభ. 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ శాసనము ప్రకారము సర్పంచిని ఓటర్లు నేరుగా నెన్నుకొందురు. జనసంఖ్యను బట్టి పంచాయతీలో 5 మొదలు 21 వఱకు వార్డులుండును. వార్డు సభ్యులు తమలో నొకరిని ఉపసర్పంచిగా నెన్నుకొందురు. పంచాయతీ నెలకొకసారియు, గ్రామసభ రెండు నెలలకొకసారియు తప్పక కూడవలెను. పంచాయతీ సొమ్ము తీయు చెక్కుపై సర్పంచియు ఉపసర్పంచియు ఇద్దఱును సంతకము చేయవలెను.

దీనినిబట్టి తెలియున దేమనగా, వార్డు సభ్యుడు తానొక్కడై ఒక్క రూపాయి నైనను వ్యయపెట్టలేడు, ఒక్క ఉద్యోగికైనను ఉత్తరు వీయలేడు. సభలో అడుగుట, చర్చించుట, ఓటు వేయుట, నిర్ణయమును పుస్తకమున వ్రాయించుట, ఇంతమాత్రమే అతని అధికారము. కావున త్రోవలో నతడు "సరే" యన్నచో అది వాగ్దానమే గాని నిర్ణయము గాదు. ఆ మాట సభ చేరి, చర్చకు వచ్చి, తీర్మానమై, పుస్తకమెక్కినపుడే నిర్ణయమగును. వ్రాతలో లేని తీర్మానము విత్తక దున్నిన చేను వంటిది. శ్రమ కనబడును గాని పంట రాదు.

గ్రామసభ బలము ఎట్లు వచ్చెను?

ఉట్నూరు రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ప్రాంతములోనిది. ఇచ్చటి గ్రామసభకు మైదానపు గ్రామసభకంటె ఎక్కువ బలము కలదు. ఆ బలము ఊరక వచ్చినది గాదు.

అడవి భూములనుండి తొలగింపులు, పశువుల మేతపై పన్నులు సహింపరాక గోండులు కొమరం భీము నాయకత్వమున తిరుగబడిరి. 1940లో జోడేఘాటున భీము హతుడయ్యెను. ఆ తరువాత నిజాము ప్రభుత్వము పంపగా మార్లవాయి గూడెమున నివసించి గోండుల స్థితిని పరిశీలించిన హైమండార్ఫు పండితుని సలహాపై పలు కుటుంబములకు భూమిపట్టాలు, పిల్లలకు గోండీలో బోధించు పాఠశాలలు వచ్చినవి. కెస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొఱలు వినెడి దర్బారు ఆ 1940ల నాటిదే. దర్బారు మంచి యాచారమే. కాని అది యేటి కొక్కమాఱు జరుగునది. బోరు చెడుటకు జాతర దినముతో పని లేదు.

1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానికి 1970లో చేసిన సవరణయు షెడ్యూలు ప్రాంతపు భూమి గిరిజనేతరుల పాలు గాకుండ నడ్డుకట్ట వేసినవి. మన చదువరులు గమనింపదగిన విశేషమొకటి ఇందున్నది. గిరిజనుడు తన భూమిని మఱియొక గిరిజనునకు గాని, కేవలము గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమునకు గాని మాత్రమే బదలాయింప వచ్చును. అయినను భూముల అన్యాక్రాంతము ఆగలేదు. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో భూసమస్యలపై సభకు వచ్చిన గిరిజనులపై పోలీసు కాల్పులు జరిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. మనవి వినిపించుకొనుటకు కూడిన జనులకు అట్టి గతి పట్టిన నేలపై, మనవి వినుటయే పనిగా గల సభ యెంత విలువైనదో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

1996లో పార్లమెంటు షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీలను విస్తరించు శాసనము చేసెను. దీనినే పెసా యందురు. దీని ప్రకారము ఒక ఆవాసము గాని, కొన్ని ఆవాసములు కలసి గాని, తమ ఆచారములను బట్టి వ్యవహారములు నడుపుకొనునెడల నొక గ్రామమగును. అట్టి గ్రామమున కొక గ్రామసభ యుండును. అభివృద్ధి పనుల ప్రణాళికను అమలునకు ముందు గ్రామసభ ఆమోదింపవలెను. లబ్ధిదారులను గ్రామసభయే యేర్పఱచవలెను. సొమ్ము సరిగా వ్యయమైనదని పంచాయతీ గ్రామసభచేత ధ్రువపత్రము పొందవలెను. భూసేకరణకు ముందు సంప్రదింపు జరుగవలెను. పరాధీనమైన భూమిని మరల రప్పించుటయు, వడ్డీవ్యాపారమును అదుపు చేయుటయు, సంతల నిర్వహణమును, చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును గ్రామసభకును పంచాయతీకిని చెందవలెనని ఆ శాసనము చెప్పుచున్నది. షెడ్యూలు ప్రాంతమున సర్పంచి పదవులన్నియు గిరిజనులకే యుద్దేశింపబడినవి.

మఱియొక మాట. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2024 ఆరంభమున తీరెను. 2025 డిసెంబరులో మరల ఎన్నికలు జరుగు వఱకు ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపిరి. అనగా వార్డు సభ్యుడు వచ్చుచు పోవుచు నుండును. గ్రామసభ మాత్రము ఊరున్నంతకాల ముండును. సభ్యుడు ఆ శాశ్వత సభకు సేవకుడు.

ఒక గూడెపు అనుభవము

కొన్ని యేండ్ల క్రిందట ఒక గోండు గూడెమున మేము కంది ప్రదర్శన క్షేత్రము నడిపితిమి. ఆ గూడెపు వారు 2006 నాటి అటవీహక్కుల శాసనము క్రింద తమ పోడుభూములకై దరఖాస్తులు పెట్టుకొనిరి. ఈ శాసనమున మొదటి మెట్టు గ్రామసభయే. గ్రామసభ యెన్నుకొన్న అటవీహక్కుల సంఘము భూమి చూచి నివేదిక వ్రాయును. గ్రామసభ తీర్మానించును. పిదప డివిజను స్థాయి సంఘము, జిల్లా స్థాయి సంఘము పరిశీలించును. ఆ గూడెపు కాగితములు పై కార్యాలయమునుండి తిరిగి వచ్చినవి. కారణమొక్కటే. సభకు కావలసినంతమంది హాజరైనట్లు పట్టికలో లేదు.

నియమమేమనగా, అట్టి గ్రామసభకు సభ్యులలో సగమునకు తక్కువ గాకుండ రావలెను. వచ్చినవారిలో మూడవవంతైన స్త్రీలుండవలెను. హక్కులపై తీర్మానించునపుడు దరఖాస్తుదారులలో సగమైనను, వారి ప్రతినిధులైనను ఉండవలెను. ఆ సభను ప్రత్తి యేఱుడు దినములలో పగలు పదునొకండు గంటలకు పెట్టిరి. స్త్రీలందఱు చేలలో నుండిరి. సాయంకాలము వచ్చి విషయము విని సమ్మతించినవారు అనేకులు గలరు గాని, వారిచేత సంతకము గాని వేలిముద్ర గాని యెవరును వేయింపలేదు. ఊరంతయు ఒక్కమాటపై నుండెను. పుస్తకము మాత్రము ఆ మాట చెప్పలేదు.

అప్పుడు ఆ వార్డు సభ్యురాలు, ఐదవ తరగతి వఱకు చదివిన యామె, ఆ పనిని తన చేతిలోనికి తీసికొనెను. ముందు ఊరి పటేలును, పెద్దలను చూచెను. ఇద్దఱు అన్నదమ్ముల నడుమ గట్టు తగవు ఉండగా దానిని తమ ఆచారము ప్రకారము పెద్దలచేత ముందే తీర్పించెను. ప్రత్తిపని ముగిసిన పిదప రాత్రి భోజనముల వేళ దాటగానే సభ పెట్టించెను. వాడవాడకు తానే పోయి పిలిచెను. కార్యదర్శి తెలుగులో వ్రాసిన తీర్మానమును వాక్యము వాక్యము గోండీలో చెప్పించెను. సాగు ఎన్నటినుండి యున్నదో ఎఱిగిన వృద్ధుల వాఙ్మూలము వ్రాయించెను, ఏలయన నియమముల ప్రకారము అదియు నొక సాక్ష్యమే. చివరకు హాజరు పట్టికను బిగ్గరగా చదివించి, తప్పిన పేర్లు చేర్పించెను.

ఈ మాఱు కాగితములు తిరిగి రాలేదు. అందఱి కోరిక నెరవేరినదని మాత్రము మేము చెప్పము. కొందఱికి దున్నినదానికంటె తక్కువ విస్తీర్ణమునకే పత్రము వచ్చెను. 2005 డిసెంబరు 13వ తేదీకి పిమ్మట చదును చేసిన భూమి గనుక ఒక కుటుంబమునకు రానేలేదు. హక్కుపత్రము భార్యాభర్త లిద్దఱి పేరను రావలెను. కాని మొదటి సభకును రెండవ సభకును నడుమ జరిగిన ఆలస్యములో ఒక వృద్ధుడు గతించెను. పత్రము అతని భార్య ఒక్కతె పేరనే వచ్చెను. ఆమె దానిని మా చేతికిచ్చి చదువుమనెను. చదివితిమి. భర్త పేరున్నదా యని యడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయుట మాకు కష్టమైనది. వ్రాయని సంతకముల వెల యెంతయో ఆ దినమున మాకు తెలిసినది.

సభ్యుడు చేయవలసిన పనులు

ఒకటి, వినుట. విన్నదానిని చిన్న పుస్తకమున తేదీతో వ్రాసికొనవలెను.

రెండు, వేఱుచేయుట. త్రాగునీరు, మురుగుకాలువ, వీధిదీపము పంచాయతీవి. అటవీభూమి హక్కు గ్రామసభది. గట్టు తగవు, కుటుంబ కలహము ముందు ఊరి పెద్దలవి. అచ్చట తెగనిచో గోండుల రాయి సెంటరులో సార్మేడి యెదుట పెట్టుకొందురు. అప్పు, ఎరువు, విత్తనము మన సంఘమువి. తప్పు తలుపు తట్టినవాని కాలము వ్యర్థమగును.

మూడు, సభకు ముందే విషయమును వ్రాతమూలముగా నిచ్చి కార్యక్రమములో చేర్పించుట.

నాలుగు, తీర్మానము ముగియకముందు దానిని చదివించి వినుట. ఏ పని, ఎచ్చట, ఎంత సొమ్ముతో, ఎవరు, ఎన్నటిలోగా అను ఐదు సంగతులును అందుండవలెను. "పరిశీలింపవలెను" అని మాత్రమే వ్రాసిన తీర్మానము ఎవ్వరిని బంధింపదు.

ఐదు, తిరిగివచ్చి చెప్పుట. పెక్కుమంది మఱచునది ఇదియే. పని ఆమోదింపబడకున్నచో కారణము చెప్పవలెను. "సొమ్ము లేదు, వచ్చు త్రైమాసికమున మరల పెట్టుదుము" అన్న నిజము విని జనులు కోపింపరు. మౌనమునకే కోపింతురు. కోలాము వాడలో కోలామీలోను, లంబాడీ తండాలో లంబాడీలోను చెప్పించుట సభ్యుని బాధ్యతయే.

మన వంతు

సభ్యుని నిందించుటకు ముందు మనము సభకు పోయితిమా యని యెవరికి వారు అడిగికొనవలెను. దరఖాస్తును నోటితో గాక కాగితముపై నిచ్చి, చేరినట్లు సంతకము తీసికొనవలెను. హక్కుల విషయమున గ్రామసభ తీర్మానము అన్యాయమని తోచినచో 60 దినములలోగా డివిజను స్థాయి సంఘమునకు విన్నవించుకొన వచ్చును. గడువు దాటినచో మంచి విత్తనము సహితము మొలవదు. ఇంటి స్త్రీలను సభకు తీసికొనిపోవలెను. బోరు చెడినచో ముందుగా తెలియునది వారికే.

ఆ బోరును గూర్చి మమ్మడిగిన రైతునకు మేము చెప్పిన దిదియే. ఇంకెవరితోను చెప్ప నక్కఱలేదు. ఆ వార్డు మెంబరుతోనే మరల చెప్పుడు. కాని ఈ మాఱు కాగితముపై చెప్పుడు. వచ్చు సభకు మీరును పొండు. వ్రాసినది చదివించి వినుడు. పిదప వేలిముద్ర వేసి ఇంటికి రండు.