వెనుక తెరిచిన హెడ్‌ఫోన్లు: ముందు గది, తర్వాత చెవి



బళ్ళారి అనగానే తెలుగువారికి నాటకం గుర్తుకు వస్తుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసి ఆడించిన ఊరు ఇది. బళ్ళారి రాఘవగా పేరుపొందిన తాడిపత్రి రాఘవాచార్యులు ప్లీడరు పని చేసుకుంటూనే రంగస్థలాన్ని ఏలిన ఊరు ఇది. ఆ తొలి రోజుల్లో మైకులు లేవు. గొంతే మైకు. గోడలున్న హాలులో ఆడితే ఒక తీరు, నాలుగు పక్కలా తెరిచిన పందిట్లో ఆడితే మరో తీరు. హాలులో గొంతు గోడలకు తగిలి బరువుగా, నిండుగా వినిపిస్తుంది; బయటి గోల లోపలికి రాదు. పందిట్లో గొంతు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది, తేటగా, మాటకు మాట విడిగా వినిపిస్తుంది. కాని వీధికుక్క అరుపు కూడా పందిట్లోకి వస్తుంది. పందిట్లోని పద్యం వీధి చివరి ఇంటికి కూడా పోతుంది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటారా? ఈనాటి మన విషయం హెడ్‌ఫోన్లు. చెవి మొత్తాన్ని కప్పే పెద్ద హెడ్‌ఫోన్లలో రెండు జాతులున్నాయి. వెనుక మూసినవి ఒకటి, వెనుక తెరిచినవి మరొకటి. మొదటిది హాలు, రెండవది పందిరి. ఈ ఒక్క పోలిక మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొన్న వేసవిలో మా అక్క కొడుకు ఇంటికి వచ్చాడు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో లెక్కలు రాస్తాడు. "మామా, ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొందామనుకుంటున్నా. పాటలకూ అదే మంచిదంట, కంప్యూటర్ ఆటలకూ అదే మంచిదంట. మూడు నెలలుగా డబ్బు దాచిపెట్టినా. ఏమంటావు?" అని అడిగాడు.

"హెడ్‌ఫోన్ సంగతి తర్వాత చూద్దాం అప్పా, ముందు నీ గది సంగతి చెప్పు" అన్నాను.

వాడు నా మొహం వింతగా చూశాడు. శ్రోతల్లో కొందరికి కూడా అలాగే అనిపించవచ్చు. అందుకే కాస్త మొదటి నుంచి చెబుతాను.

హెడ్‌ఫోన్ లోపల ప్రతి చెవికీ ఒక చిన్న స్పీకరు ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అందులో పలుచని పొర ఒకటి, దానికి అంటుకుని సన్నని తీగచుట్ట ఒకటి, దగ్గరలో అయస్కాంతం ఒకటి ఉంటాయి. తీగలో కరెంటు ప్రవహించినప్పుడు పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. ముందుకు కదిలి మీ చెవి వైపు శబ్దాన్ని ఎలా పంపుతుందో, వెనక్కు కూడా అంతే శబ్దాన్ని పంపుతుంది. ఈ వెనుక శబ్దాన్ని ఏం చేయాలి అన్నదే అసలు ప్రశ్న. డబ్బాలో బంధిస్తే అది మూసిన హెడ్‌ఫోన్. జాలీ గుండా బయటికి వదిలేస్తే అది తెరిచిన హెడ్‌ఫోన్.

చెవిమీద పెట్టుకునే శబ్ద యంత్రాలు కొత్తవి కావు. 1910లో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తయారు చేసిన జతలను అమెరికా నౌకాదళం వైర్‌లెస్ సందేశాలు వినడానికి కొన్నది. 1958లో జాన్ కాస్ సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్‌ను తెచ్చాడు. వెనుక తెరిచిన మొదటి హెడ్‌ఫోన్‌ను జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 1968లో హెచ్‌డి 414 అనే పేరుతో విడుదల చేసింది. తేలికగా, పసుపుపచ్చ స్పాంజి మెత్తలతో ఉండే ఆ జత లక్షల్లో అమ్ముడుపోయింది.

తెరిచినందువల్ల లాభమేమిటి? డబ్బాలో చిక్కిన శబ్దం గోడలకు తగిలి మళ్ళీ పొర మీదికి వస్తుంది, కొన్ని స్వరాలను లేనంత లావుగా చూపిస్తుంది. తెరిచిన జతలో ఈ బాధ తక్కువ. కచేరీ రికార్డు వింటే గాత్రం ఒకచోట, వయొలిన్ ఒకచోట, మృదంగం ఒకచోట ఉన్నట్టు తోస్తుంది. పాట తలలోపల కాకుండా తలచుట్టూ జరుగుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని సౌండ్ స్టేజ్ అంటారు. అంటే శబ్దపు రంగస్థలం. బళ్ళారివారికి ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

ఇక రెండో లాభం గాలి. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో తోలులాంటి మెత్తలున్న మూసిన జతను గంటసేపు పెట్టుకుంటే చెవులు చెమటతో నానిపోతాయి. తెరిచిన జతలో, అందులోనూ బట్టమెత్తలున్న జతలో, కాస్త గాలి ఆడుతుంది.

నష్టాలు కూడా చెప్పాలి. గుండెకు తగిలే డప్పు దెబ్బ, సినిమాపాటలోని బేస్ మోత సాధారణంగా మూసిన జతలోనే నిండుగా వస్తాయి. తెరిచిన జతలో అవి పలుచగా ఉంటాయి. అంతకన్నా పెద్ద నష్టం పందిరిది: లోపలిది బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది.

ఇప్పుడు ఆటల సంగతి. తుపాకుల ఆటలో శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడమే ప్రాణం. ఒక శబ్దం కుడి పక్కనుంచి వస్తే కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మన మెదడు దాన్ని పట్టేస్తుంది. ఆటలో ఈ లెక్కనంతా చేసేది ఆట సాఫ్ట్‌వేరే. హెడ్‌ఫోన్ పని దాన్ని చెడగొట్టకుండా చెవికి చేర్చడం మాత్రమే. కనుక డబ్బా మీద 7.1 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మోసపోకండి. చాలా వాటిలో చెవికొక్క డ్రైవరే ఉంటుంది, మిగతాది సాఫ్ట్‌వేర్ కల్పన. మంచి స్టీరియో జత తీసుకుని, ఆట సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ అనే ఏర్పాటును ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది. దానికి తెరిచిన జతే కావాలన్న నియమం లేదు.

మా వాడి ఆట జట్టులో ముగ్గురు. ఒకడు గుంతకల్లులో, ఒకడు ఆదోనిలో, వీడు బళ్ళారిలో. 1953లో ఆదోని తాలూకా ఆంధ్రకు, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయినా, రాత్రి పది గంటలకు ఈ ముగ్గురికీ సరిహద్దు లేదు. ఆడుతూ మాట్లాడుకోవాలి కదా? తెరిచిన జతల్లో చాలావాటికి మైకు ఉండదు. వేరే మైకు కొనాలి. పైగా ఆ మైకు దగ్గరగా ఉంటే జాలీలోంచి కారిన ఆట శబ్దం అందులో పడి, అవతలివాళ్ళకు తిరిగి వినిపిస్తుంది. ఈ ఖర్చునూ ఈ చిక్కునూ ముందే లెక్క వేసుకోవాలి.

సరే, గది సంగతికి వద్దాం. ఆ రాత్రి నేను వాళ్ళింటికి వెళ్ళాను. బండల మిద్దె, రెండు గదులు. వీడి బల్ల నడింట్లో ఉంది. అదే గదిలో వాళ్ళ అవ్వ పడుకుంటుంది. కిటికీలో కూలర్ గర్జిస్తోంది. పక్కింట్లో కుట్టు మిషన్లు ఇంకా ఆగలేదు. నా దగ్గరున్న పాత తెరిచిన జతను వాడికిచ్చి, "నీకు ఇష్టమైన పాట పెట్టుకో, బాగుందనిపించేదాకా వాల్యూమ్ పెంచు" అన్నాను. పెంచాడు. తర్వాత కూలర్ ఆపించి, ఆ వాల్యూమ్‌లోనే మళ్ళీ వినమన్నాను. వెంటనే రెండు చేతులతో హెడ్‌ఫోన్ తీసేశాడు. "అబ్బా! ఇంత గట్టిగా వింటున్నానా మామా!" అన్నాడు. మంచంమీద నుంచి అవ్వ, "నాకైతే పాటంతా వినబడింది నాయనా" అంది.

శ్రోతలారా, ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. తెరిచిన జత కూలర్ చప్పుడును ఆపదు. మనిషి తనకు తెలియకుండానే ఆ చప్పుడును మించేటట్టు పాటను పెంచుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఇది: పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే చెవిమీద పడే శక్తి పది రెట్లవుతుంది, అందుకే సమయం పదో వంతుకు పడిపోతుంది. రోజుకు రెండు గంటల చొప్పున వారానికి 14 గంటలు ఆడే కుర్రవాడు 90 దగ్గర వింటే, హద్దును మూడు రెట్లకు పైగా దాటినట్టే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు. విన్న తర్వాత చెవిలో గుయ్యిమనే మోత ఉన్నా, ఎదుటివాళ్ళ మాట దూరంగా అనిపించినా అది హెచ్చరిక. ఆ మోత తగ్గకపోతే చెవి వైద్యునికి చూపించాలి. మూడు నెలల కూడబెట్టుతో హెడ్‌ఫోన్ వస్తుంది కాని, పోయిన వినికిడి రాదు.

కనుక కొనేముందు ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు. మీరు రోజూ ఏ వేళ వింటారో ఆ వేళకే, అదే కుర్చీలో, ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. ఫ్యాను, కూలరు, టీవీ, వీధి, వంటింటి చప్పుళ్ళలో ఏవి వినిపిస్తాయో గమనించండి. గడియారం టిక్కుటిక్కులు వినబడేంత నిశ్శబ్దం ఉండి, గదిలో నిద్రపోయేవాళ్ళు లేకపోతే, తెరిచిన జత మీకు ఆనందమిస్తుంది. కూలర్ మాత్రమే వినబడితే మూసిన జతే మేలు. బస్సులో, రైల్లో, ఆఫీసులో వాడేవారికి తెరిచినది పనికిరాదు.

గది కుదిరిందనుకుందాం. ఇక వస్తువును చూడాలి. మొదట ఓమ్స్ లెక్క. దీన్ని ఇంపీడెన్స్ అంటారు. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పి 9500 వంటివి 32 ఓమ్స్. ఇలాంటివి ఫోనుతో, మామూలు కంప్యూటర్‌తో కూడా బాగానే మోగుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డి 560 ఎస్ 120 ఓమ్స్. బేయర్‌డైనమిక్ డిటి 990 ప్రోలో పేరున్న రకం 250 ఓమ్స్, 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600 అయితే 300 ఓమ్స్. ఈ పెద్ద అంకెలవాటికి చాలాసార్లు వేరే ఆంప్లిఫయర్ కావాలి, లేకపోతే నీరసంగా పలుకుతాయి. ఓమ్స్‌తో పాటు సెన్సిటివిటీ అనే అంకెను కూడా చూడాలి. అది ఎక్కువగా ఉంటే తక్కువ కరెంటుతోనే గట్టిగా మోగుతుంది. అంకె పెద్దదైతే నాణ్యత పెద్దదని మాత్రం అనుకోవద్దు.

రెండవది పిన్ను. తెరిచిన జతల్లో ఎక్కువభాగం వైరు ఉన్నవే. కొత్త ఫోన్లలో చాలావాటికి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేదు. యూఎస్‌బి అడాప్టర్ ఒకటి వేరుగా తీసుకోవాలి. మూడవది బరువు. 250 గ్రాముల చుట్టుపక్కల ఉన్న జతను రెండు గంటలు మోయవచ్చు. 400 దాటితే మెడ చెబుతుంది. కళ్ళజోడు పెట్టుకునేవారు జోడుతోనే పెట్టి చూడాలి, కణతల దగ్గర నొక్కుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. నాలుగవది మెత్తలు. బట్టవా, తోలులాంటివా, పాడైతే విడిగా దొరుకుతాయా అని అడగండి. వైరు ఊడదీసి మార్చేటట్టు ఉంటే ఇంకా మంచిది. మన దగ్గర ముందు పోయేది వైరే.

ఐదవది దుమ్ము. బళ్ళారి, సండూరు ప్రాంతాల ఎర్రదుమ్ము సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తెరిచిన జాలీలోంచి దుమ్ము, తలవెంట్రుక లోపలికి పోయి పొరకు తగిలితే బరబరమని శబ్దం వస్తుంది. వాడిన తర్వాత గుడ్డసంచిలో పెట్టండి. మెత్తని బ్రష్‌తో పైపైన దులపండి. గాలి మిషన్‌తో ఊదితే పొర చినగవచ్చు. నూనె రాసుకున్న తలతో పెట్టుకోకండి.

చివరికి మా వాడు ఏం చేశాడంటారా? వారం రోజులు పరీక్ష చేసుకున్నాడు. రాత్రి ఆటకు తన పాత మూసిన హెడ్‌సెట్‌నే ఉంచుకున్నాడు. దానికి మైకు ఉండనే ఉంది. తెల్లవారి ఐదు గంటలకు కూలర్ ఆగుతుంది, అవ్వ లేచి వాకిలి ఊడ్చడానికి పోతుంది, కుట్టు మిషన్లు ఇంకా మొదలు కావు. ఆ గంటసేపు పాటల కోసం 32 ఓమ్స్ తెరిచిన జత ఒకటి కొన్నాడు. ఆంప్లిఫయర్ అక్కరలేకపోయింది, డబ్బులు కొంత మిగిలాయి. "ఎంత తక్కువ వాల్యూమ్‌లో పెట్టినా అన్నీ వినిపిస్తున్నాయి మామా" అన్నాడు. నాకు కావలసిన మాట అదే.

మంచి హెడ్‌ఫోన్ గుర్తు గట్టిగా మోగడం కాదు, నెమ్మదిగా మోగినా అంతా వినిపించడం. దానికి సగం పని యంత్రం చేస్తుంది, సగం పని గది చేస్తుంది. గదిని చూసి జతను ఎంచుకోండి. మీ చెవులను పదికాలాల పాటు కాపాడుకోండి.